సాగనంపిన దూరం

తాన్ గ్వాంగ్‌లిన్ నాలుగేళ్లుగా ఆ విదేశీ కంపెనీ ఉప్పు తింటున్నాడు. ఎక్కడెక్కడి మనుషులనో ఇంటర్నెట్‌లో స్నేహితులను చేసే కంపెనీ అది. బీజింగ్‌లో మాత్రం దాని పేజీ తెరుచుకోదు, ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి కోసం పరాయి దేశం నుంచి వచ్చి సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే మారిట్ మేడమ్ కారు నడపడమే తాన్ పని. లోకమంతటికీ స్నేహితులను పంచే కంపెనీకి ఈ ఊళ్లో ఒక్క గుమాస్తా కూడా స్నేహితుడు కాలేదా అని పెళ్లాం రోజూ దెప్పేది.

లోపల ఏం మాట్లాడుకున్నారో డ్రైవరుకు ఎవరు చెబుతారు? అందుకే తాన్ ఒక్కటే గమనించేవాడు, వచ్చిన మనిషిని ఎంతదూరం సాగనంపారని. పని చేసిపెట్టే ఉద్దేశం ఉన్నవాడు కారు దాకా వస్తాడు, తలుపు వేస్తాడు, కారు మలుపు తిరిగేదాకా నిలబడతాడు. మొదటి ఏడాది సాక్షాత్తు ఆ సర్కారు ఆఫీసు డిప్యూటీ డైరెక్టరే అలా నిలబడ్డాడు. రెండో ఏడాది ఒక గుమాస్తా మెట్ల దాకా వచ్చాడు. మూడో ఏడాది అతనూ అద్దాల తలుపు అవతలే ఆగిపోయాడు. మేడమ్ మాత్రం ప్రతిసారీ మొహం చాటంత చేసుకుని, పరిశీలిస్తామన్నారంటూ కారెక్కేది. పిచ్చితల్లి! తాన్ నోరు కుట్టేసుకున్నాడు. పెద్దల గొడవ తనకెందుకు?

ఇప్పుడా గొడవ తన కంచం దాకా వచ్చింది. ఇంటి దగ్గరి బడివాళ్లు బస్సు నడపమని అడిగారు. సాయంత్రం అయిదులోగా చెప్పాలి. మేడమేమో అనుమతి వస్తే ఉద్యోగం పర్మనెంట్ చేయిస్తాను, వదిలి వెళ్లొద్దంది. యాభై నాలుగేళ్ల వయసులో రెంటికీ చెడ్డ రేవడి అయితే మూడోది దొరకదు. ఆ మధ్యాహ్నం ఆమెను ఆఫీసు దగ్గర దింపి, గేటు కేసి చూస్తూ కూర్చున్నాడు. ఎవరైనా మెట్ల దాకా వచ్చినా చాలు, బడివాళ్లకు కాదని చెప్పేద్దామనుకున్నాడు.

మూడున్నరకు ఆమె వచ్చింది. ఒంటరిగా. కాపలావాడు సైతం టీ సీసా మూత తిప్పుకుంటూ తల ఎత్తలేదు.

"పరిశీలిస్తామన్నారు, తాన్ అన్నా. రేపే మన ఆఫీసుకి ఇంకో అంతస్తు అద్దెకు తీసుకుంటున్నాం. అయిదేళ్లకి" అందామె.

తాన్ తాళం తిప్పలేదు.

"చెప్పొచ్చో లేదో నాకు తెలీదు మేడమ్. ఇవాళ మిమ్మల్ని సాగనంపడానికి అద్దాల తలుపు దాకా కూడా ఎవరూ రాలేదు. పనయ్యేదుంటే మావాళ్లు ఇలా వదిలెయ్యరమ్మా."

ఏ ఏడాది ఎవరు ఎక్కడిదాకా వచ్చారో అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. తిడుతుందనే అనుకున్నాడు. ఆమె బూట్లు విప్పేసి వెనక్కి వాలింది.

"ఈ ముక్క మొదట్లోనే చెబితే ఏం పోయిందన్నా?"

"మొదట్లో కారు దాకా వచ్చారు కదమ్మా!"

ఆమె పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాలుగేళ్లుగా ఇదిగో వస్తోంది, అదిగో వస్తోందని పైవాళ్లకు చెప్పలేక చచ్చానని, ఇక ఇంటికి పోవచ్చన్నమాట అని అంది. అయిదుకు పావు తక్కువలో తాన్ బడికి ఫోన్ చేసి సరేనన్నాడు. అమ్మయ్య! గుండెల మీంచి బండ దించినట్టయింది.

రెండు నెలలకు ఆమె వెళ్లిపోయిన రోజున బడికి సెలవు పెట్టి మరీ తానే విమానాశ్రయానికి తీసుకెళ్లాడు. సామాను దించి వచ్చేయొచ్చు. రాలేదు. పాస్‌పోర్టులు చూసే గీత దాకా వెంట నడిచాడు. ఆమె వెనక్కి తిరిగిన ప్రతిసారీ చెయ్యి ఊపాడు. కాళ్లు పీకుతున్నా కదల్లేదు. ఎంతదూరం వస్తే ఏమని అర్థమో ఇప్పుడామెకు తెలుసు మరి.