గోడ అవతలికి వెళ్లిన కేకు వాసన

నాకు ప్రశ్నలు ఎక్కువ. చిన్నప్పుడు క్రిస్మస్ ముందు అమ్మ కేకు చేస్తుంటే పొయ్యి పక్కనుంచి కదిలేదాన్ని కాదు. మా ఇంట్లో ఓవెన్ ఎప్పుడూ లేదు. మందపాటి గిన్నెలో ఇసుక పోసి, అది వేడెక్కాక కేకు డబ్బా అందులో దించి, మూతపెట్టి పైన బరువుంచేది అమ్మ. ఇక ఆ మూత తీయకూడదు. తీస్తే కేకు నడుమ కుంగిపోతుందట. మరి అయిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే, "వాసనే చెప్తుంది" అనేది. ఏ వాసన, ఎలా ఉంటుంది అని ప్రాణం తీస్తే, "తెలిసిపోద్దిలే, ముందు ఆ జీడిపప్పు తినడం ఆపు" అని కసిరేది.

నాకు మాత్రం ఎప్పటికీ తెలియలేదు. పొయ్యి మీద పెట్టిన దగ్గర్నుంచి దించేదాకా నా ముక్కుకు అంతా ఒకటే కమ్మదనం.

కరోనా వచ్చి తగ్గాక అమ్మకు వాసనలు తెలియకుండా పోయాయి. నెమ్మదిగా తెలుస్తాయని డాక్టరుగారు అన్నారు, తెలియలేదు. ఆ ఏడు కేకు మాడింది. మరుసటి ఏడు నేను ఫోన్లో అలారం పెట్టాను, లోపలంతా పచ్చిగా ఉండిపోయింది. గ్యాసు మంట, ఇసుక వేడి ఏ రోజూ ఒకేలా ఉండవు మరి. మొన్న డిసెంబరులో అమ్మ ఆ గిన్నెను అటక మీదికి ఎక్కించేసింది. "ఇక నావల్ల కాదు, బేకరీలో కొనేద్దాం" అంది. అమ్మ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. భయమేసింది. ఇదొక్కసారి చెయ్యమని బతిమాలి, పోట్లాడి ఒప్పించాను. ఇదీ పాడైతే గిన్నె మళ్లీ కిందికి దిగదని ఇద్దరికీ తెలుసు.

మా పెరటి గోడ అవతల ఇంట్లో ఉండే అత్తయ్యగారు, అమ్మ ఎన్నో ఏళ్లుగా స్నేహితులు. ఒకరినొకరు వదినగారూ అనుకుంటారు. వాళ్లింట్లో గుడ్డు ముట్టరు. అందుకని పండక్కి వాళ్లకు పళ్లు, పూతరేకులు ఇస్తాం. మా కేకు ఆవిడ ఒక్క ముక్కైనా తిని ఎరగరు.

ఆ సాయంత్రం కేకు పొయ్యి మీద ఉంది. అమ్మ మూత వంకే చూస్తూ కూర్చుంది. నేను కుక్కపిల్లలా గాలి పీల్చి పీల్చి, ఏమీ తేల్చుకోలేక, "తీసి చూసేస్తానమ్మా!" అని అరిచాను.

"అయ్యో, ఇంకా తీయకండి వదినగారూ!" కిటికీలోంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది. "ఇంకాస్త ఆగాలండి."

ఇద్దరం పెరట్లోకి వెళ్లాం. ఆవిడ తీగ మీద ఆరిన బట్టలు తీస్తున్నారు. బట్టలన్నీ తీసి, మడతలు పెట్టడం మొదలుపెట్టాక, "ఇప్పుడు దింపేయండి" అన్నారు. నేను లోపలికెళ్లి దింపి పుల్ల గుచ్చాను. శుభ్రంగా వచ్చింది. ఇంట్లో కేకు ఉందన్న సంగతే మరిచిపోయి మళ్లీ పెరట్లోకి పరిగెత్తాను. అమ్మ ఇంకా గోడ దగ్గరే ఉంది.

"మీకెలా తెలిసిందండీ?"

"ఏటా వచ్చే వాసనే కదమ్మా. మీ అమ్మ పొయ్యి ఎప్పుడు కట్టేస్తుందో నాకు తెలీదేంటి?"

"అసలు ఎలా ఉంటుందండీ ఆ వాసన?" నా పాత ప్రశ్న.

ఆవిడ చేతిలోని తువ్వాలు మడత ఆపి ఆలోచించారు. "మొదట్లో గుడ్డు వాసనొస్తుందని కిటికీ వేసేసుకుంటానమ్మా. కాసేపాగి తీస్తే వెన్న కాచినట్టుంటుంది. తర్వాత కమలాపండు తొక్క. ఆఖర్న బెల్లం పాకం ముదిరేటప్పుడు వస్తుందే, అలాంటిది. అదొచ్చిందంటే అయిపోయినట్టే."

అమ్మకు ఇవన్నీ తెలిసినవే. ఎప్పుడూ మాటల్లో పెట్టలేదంతే. గోడ మీద రెండు చేతులూ ఆనించి, కళ్లు మూసుకుని వింటోంది.

"వదినగారూ, మళ్లీ చెప్పండి" అంది. "కిటికీ తీసిన దగ్గర్నుంచి చెప్పండి."