ఏ డబ్బా ముందో చూసే బిడ్డ

మా బిడ్డ పోయింది. నాచారంలో మా పిండి గిర్నికి వచ్చేవాళ్ళు ఇంకా "మీ పాప కనబడతలేదు?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పే శక్తి లేక ఇది రాస్తున్నాను. కాలేజీ నుంచి జ్వరంతో వచ్చి పడుకుంది. ఉప్పల్ దవాఖానాకు తీసుకెళ్ళాం. మళ్ళీ ఇంటికి రాలేదు. ఎట్లా జరిగిందంటే నాకూ తెలియదు.

నాకు పెద్దగా చదువు లేదు. ఆమె చదివేది ఏమిటో ఎన్నోసార్లు అడిగాను.

"కంప్యూటర్ల ప్రాసెసర్ అని ఉంటదమ్మా, మన గిర్ని లెక్క. పనులు వస్తనే ఉంటయ్. ఏది ముందు పట్టాల్నో లెక్కగట్టి చెప్పుడే నా చదువు."

"గింత ముచ్చటకు ఇన్నేండ్లా?"

"ఏమొస్తయో ముందే తెలిస్తే ఎవరైనా వరుస పెడ్తరు. తెల్వకుండ పెట్టుడే కష్టం."

ఆదివారాలు గిర్నిలో కూర్చునేది. ఒకసారి చిన్న డబ్బాలన్నీ ముందు పట్టింది, ఎక్కువమంది తొందరగా ఇంటికి పోతారని. చిన్నవి వస్తూనే ఉన్నాయి. బోడుప్పల్ నుంచి పెద్ద డబ్బాతో వచ్చిన ఒక అక్క పొద్దుటి నుంచి అట్లాగే నిలబడింది.

"ఏందే పిల్లా, నా డబ్బ పెద్దగున్నదని మా ఇంట్ల రొట్టెలు తినొద్దా? గిదేనా నీ సదువు?"

అందరికంటే గట్టిగా నవ్వింది మా బిడ్డే. "తప్పయిందక్కా. ఎంతసేపు నిలబడితే అంత ముందుకు రావాలె. గది కూడ లెక్కల కలుపుత," అని ఆ డబ్బా తనే ఎత్తి పోసింది. నిజంగానే కలిపిందట.

జొన్నల తర్వాత గోధుమలు పోస్తే మొదటి గుప్పెడు పిండి పక్కకు తీసేది. "పని మారినప్పుడల్లా జర పోతదమ్మా, గదీ లెక్కనే," అనేది. ఆ కలిసిన పిండితో వీధి కుక్కకు రొట్టె చేసేది.

నేను ముందు, ఆమె తర్వాత. ఈ వరుస ఎవరు మార్చారో, ఏం చూసి మార్చారో నాకు అంతుపట్టడం లేదు.

దినవారాలయ్యాక కాలేజీ సారు ఫోన్ చేశారు. ఆమె పెట్టిన పని కంప్యూటర్‌లో ఇంకా నడుస్తోందట. ఆపే ముందు నాకు చూపించాలనుకున్నారట. వెళ్ళాను. తెర మీద వరుసలు పైకి పోతూనే ఉన్నాయి.

"ఎవలు పెడ్తున్నరు సార్ ఇవన్ని?"

"మీ అమ్మాయి రాసిన లెక్కేనమ్మా. కొత్త పని వచ్చినప్పుడల్లా అదే చూసుకుంటుంది."

"ఆమె లేదని దానికి తెల్వదా?"

ఆపితే నా బిడ్డ ఇంకోసారి పోయినట్టా? నడవనిస్తే ఉన్నట్టా? ఎవరిని అడగాలి? ఆ కంప్యూటర్‌ను తర్వాత వాడుకోవాల్సిన అమ్మాయి తలుపు దగ్గర పుస్తకాలు పట్టుకొని నిలబడింది.

"మస్తు సేపాయెనా బిడ్డా?"

"పర్లేదాంటీ," అంది నేల చూస్తూ.

"ఆపుండ్రి సార్," అన్నాను. మంచి చేశానో లేదో ఇప్పటికీ తెలియదు.

కంప్యూటర్ పెట్టెలో ఫ్యాను చప్పుడు సన్నగిల్లి ఆగింది. ఆ అమ్మాయి లోపలికి వచ్చింది కానీ కుర్చీలో కూర్చోలేదు. నేను పెట్టె మీద చెయ్యి వేశాను. ఇంకా వెచ్చగానే ఉంది.