కాటాకు అందని బరువు

లారీల కాటా దగ్గర అతని అసలు పేరు ఎవరికీ పట్టదు. బండి కాటా పలక మీదికి ఎక్కబోయే ప్రతిసారీ గదిలోంచి తల బయటపెట్టి, "ఆగన్నా, సున్నా రానీ" అంటాడు. ఆ మాటే పేరైపోయింది. తెర మీద అంకె సున్నా అయితేగానీ తూచడు. ముందు బండి దిగాక ఇనుప పలక మీద మట్టి పెళ్ల మిగిలినా చీపురు పట్టుకుని తానే పోతాడు.

"సున్నా బాబూ, పెళ్లిచూపుల్లో కూడా పిల్లకంటే ముందు సున్నా చూశావా?" అని డ్రైవర్లు ఆటపట్టిస్తారు. అతనూ నవ్వేస్తాడు. నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే సరుకు తేలుతుంది. లోకంలో ఏదైనా అలాగే తేలుతుందని అతని నమ్మకం.

ఆ మధ్యాహ్నం కాటా గదిలో, దుప్పటి మీద తొమ్మిది నెలల కూతురు పడుకుని ఉంది. పిల్లను చూసుకునే అత్తగారు చిన్న కూతురి పురిటికి వెళ్లింది. భార్య పనిచేసే ప్యాకింగ్ ఫ్యాక్టరీలో షిఫ్టు అయ్యేదాకా ఫోన్లు బీరువాలోనే ఉంటాయి. పొద్దున నులివెచ్చగా ఉన్న పిల్ల ఒళ్లు ఇప్పుడు పెనంలా కాలుతోంది. తాగిందంతా కక్కేసింది. విరేచనాలూ అయ్యాయి. సంచిలో జ్వరం మందు ఉంది కానీ, ఎంత పొయ్యాలో అత్తగారికే తెలుసు. ఆవిడ ఫోను ఎత్తడం లేదు.

ఫోనులోని ఏఐని అడిగాడు. "పాపకి జ్వరం. ఈ మందు ఎంత పొయ్యాలి? తొందరగా చెప్పు."

జవాబు వచ్చింది. "ఈ మందు అన్నారు గానీ ఫోటో నాకు అందలేదు. మందు పేరు, గాఢత, పాప వయసు, బరువు చెప్పండి. అవి తెలియకుండా కొలత చెబితే ప్రమాదం. పాప ఏమైనా తాగుతోందా? మూత్రం ఎప్పుడు పోసింది? చురుగ్గా ఉందా?"

కంగారులో ఫోటో జతచేయడం మరిచాడు. ఈసారి పంపాడు. సీసా మీద మందు కారి గాఢత రాసినచోట అక్షరాలు అలుక్కుపోయాయి. చివర అడిగిన ప్రశ్నలు అతని కళ్లకు ఆనలేదు. బరువు అన్న మాట దగ్గరే చూపు ఆగిపోయింది. బరువు తనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఒక్కడే వెళ్లి పలక మీద నిలబడ్డాడు. గది బయటి అంకెల బోర్డు మీద డెబ్భై. పిల్లను ఎత్తుకుని నిలబడ్డాడు. ఎనభై.

"ఏం బాబూ, నువ్వే లారీవయ్యావా? మా బండి ఎప్పుడు ఎక్కించమంటావ్?" వరసలో ముందున్న గడ్డం డ్రైవరు హారన్ కొట్టాడు.

గదిలోకి పరుగెత్తి టైపు చేశాడు: "లారీల కాటా మీద తూచాను. పది కిలోలు."

"అలాంటి కాటాలు సాధారణంగా పది, ఇరవై కిలోల కంటే చిన్న తేడాలను చూపించవు. పాప ఆరు కిలోలున్నా పది అనవచ్చు. ఆ అంకెను నమ్మి మందు పొయ్యకండి. గాఢత కూడా తెలియదు కదా."

ఆ సంగతి అతనికి తెలియనిదా! రోజూ చూసే యంత్రమే. ఒళ్లు మండిపోయింది. "అడగడమే గానీ చెప్పడం రాదా నీకు?"

"మీ బాధ అర్థమవుతోంది. కానీ ఊహించి చెప్పలేను. కొలత సంగతి వదిలేయండి. ముందు అడిగినవాటికి జవాబు రాలేదు. పాప తాగుతోందా? మూత్రం పోసిందా? పిలిస్తే కళ్లు తెరుస్తోందా?"

డైపరు తడిమాడు. పొడిగా ఉంది. పొద్దున్న చివరి విరేచనం అయ్యాక మార్చిందే. "బుజ్జీ" అన్నాడు. రెప్పలు కొంచెం లేచి వాలిపోయాయి. పెదాలు ఎండిపోయాయి. ఇందాకటిదాకా గుక్కపెట్టి ఏడ్చిన పిల్ల ఊరుకుంటే, హమ్మయ్య, నిద్రపోయింది అనుకున్నాడు. అది నిద్ర కాదు.

"లేదు. లేదు. తెరవట్లేదు" అని రాశాడు.

"ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పక్కనున్నవారిని సాయం పిలవండి."

తిట్టడానికి దిగివచ్చిన గడ్డం డ్రైవరు గుమ్మంలో నిలబడ్డాడు. "గంట నుంచి ఎండలో..." అంటూ పిల్లను చూసి ఆగిపోయాడు. "ఎక్కు బాబూ, ఎక్కు!"

నిండు లారీ తూకం లేకుండా పలక దాటిపోయింది. అతని కొలువులో అలా జరగడం అదే మొదలు. దారంతా డ్రైవరు చెయ్యి హారన్ మీదే ఉంది. "పిల్లతో మాట్లాడుతూ ఉండు" అన్నాడు. ఏం మాట్లాడాలో తోచక అతను "నాన్ననే, నాన్ననే" అంటూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో నర్సు పిల్ల చేతి మీద నరం వెతికింది, దొరకలేదు. పాదం మీద వెతికింది. సూది గుచ్చినా పిల్ల ఉలకలేదు, పలకలేదు. అతను గోడవార కూర్చుని "నాన్ననే" అంటూనే ఉన్నాడు. సెలైను ఎక్కడం మొదలైన చాలాసేపటికి, మరో సూది గుచ్చినప్పుడు, పిల్లికూనలా సన్నగా ఒక ఏడుపు వినిపించింది. కన్నీళ్లు లేవు, గొంతు ఒక్కటే.

అతన్ని అడిగి తెలుసుకున్న డ్రైవరు ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్లి కబురు చెప్పినట్టున్నాడు, భార్య తలమీది టోపీ కూడా తియ్యకుండా పరుగెత్తుకొచ్చింది. "ఏంటండీ, చూస్తూ కూర్చున్నారు? దాన్ని అలా ఏడిపిస్తుంటే!"

గండం గడిచిందని ఇంకా ఎవరూ అనలేదు. అతను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏడవనీ," అన్నాడు. "దాన్ని ఊరుకోబెట్టకు. ఏడవనీ."