ఇరవై కవర్ల పరీక్ష

రాళ్ల సారు నడుములో ఏముందో రాళ్ల సారుకే తెలియదు. డాక్టరమ్మకు తెలుసునట, కంపెనీ మనిషికి తెలుసునట. మత్తులో బోర్లా పడుకున్న మనిషికి నడుం కింద చర్మం కోసి, అగ్గిపెట్టెంత మిషను లోపల పెట్టి, దాన్నుంచి రెండు సన్నటి వైర్లు వెన్నులోకి పంపి, కుట్లు వేసేశారట. ఇంటికి పంపే రోజునే ఆయన డాక్టరమ్మను నిలదీశాడు.

"నేను నిద్రపోతుంటే తూకం వేసి, లేచాక ఇదిగో కిలో అంటే ఎలాగండీ నమ్మేది?"

ఆవిడ ఎక్స్‌రే చూపించింది. తెల్లటి పెట్టె, వైర్లు స్పష్టంగానే కనిపించాయి. పెట్టె ఉంటే సరా, పెట్టెలో సరుకుందని ఎక్స్‌రే ఎలా చెబుతుంది అని ఆయన గొణుక్కున్నాడు.

ఇది నిన్నమొన్న వచ్చిన బుద్ధి కాదు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇత్తడి తూకపు రాళ్ల పెట్టె మోసుకుంటూ బజారు బజారూ తిరిగాడు కనుక దుకాణాలవాళ్లు రాళ్ల సారని పేరు పెట్టారు. పళ్లెం అడుగున అంటించిన మైనం ముద్ద, కాటా కింద దాచిన అయస్కాంతం, లోపల ఖాళీ చేసిన రాయి, ఇలాంటివి ఎన్ని పట్టుకున్నాడో లెక్కలేదు. ఇంట్లోనూ అదే తంతు. ముందు గదిలో ఒకటి కాదు, మూడు గడియారాలుంటాయి. ఒకదాని మీద ఒకటి నిఘా.

ఆ ఉద్యోగమే ఆయన నడుం విరిచింది. ఆరేళ్ల కిందట లారీ కాటా అడుగున గోతిలోకి దిగుతూ మెట్టు జారి వెల్లకిలా పడ్డాడు. అప్పట్నుంచీ నడుములో మొదలై ఎడమ పిక్కదాకా కాల్చిన కడ్డీ దించినట్టు నొప్పి. రెండు ఆపరేషన్లయ్యాయి. కుర్చీలో పది నిమిషాలు కూర్చోలేడు. తుమ్ము వస్తుంటే భయంతో గోడ పట్టుకుంటాడు. చెప్పులు భార్య తొడగాల్సిందే. ఆఫీసులో మాత్రం "చూడ్డానికి బానే ఉన్నారుగా సార్" అనేవాళ్లు, వెనక్కి తిరిగాక దొంగ నొప్పి అనేవాళ్లు. దొంగ తూకాలు పట్టుకున్న మనిషికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో వేరే చెప్పాలా? గుచ్చుకుంది. ఏడ్చాడు కూడా, స్నానాల గది తలుపు వేసుకుని.

అప్పుడు పెట్టారు ఈ మిషను. నొప్పి కబురు మెదడుకు చేరకుండా దారిలో అడ్డం పడుతుందని, పాతరకం వాటిలా ఒంట్లో జుమ్మనదని డాక్టరమ్మ చెప్పింది. నడుస్తున్నట్టు మనిషికి అసలు తెలియనే తెలియదట. చిక్కంతా అక్కడే వచ్చింది. మొదటి రెండు నెలలు హాయిగా గడిచాయి. తర్వాత కొన్ని రోజులు బాగుండటం, కొన్ని రోజులు మంచం దిగలేకపోవటం. వెళ్లి చెబితే మిషను కంపెనీ మనిషి ట్యాబ్లెట్ మీద వేలితో ఏదో గీకి, "అంతా బ్రహ్మాండంగా ఉంది సార్" అన్నాడు. నేను పడుకుని లేవలేకపోతుంటే బ్రహ్మాండం ఏమిటని రాళ్ల సారు ఒంటికాలి మీద లేచాడు. నిజానికి ఆ పూట ఆయనకు పనిచేసేది ఆ ఒక్క కాలే.

అక్కడితో అనుమానం వేళ్లు తన్నింది. లోపల పెట్టింది వాడేసిన మిషనేమో. మొదట్లో తగ్గింది వాళ్లు రాసిన మాత్రలవల్లేమో. ఒకరోజు భార్య ముందు తేల్చేశాడు.

"తీయించేస్తానోయ్. ఒంట్లో దొంగ సరుకు పెట్టుకుని తిరగను."

"మళ్లీ కోతా?" అంది ఆవిడ. "వద్దండీ. ఉన్న కాస్త సుఖం కూడా పోతే?"

"సుఖం దానివల్లే అని ఎవరు చెప్పారు?"

తీయించటానికి డాక్టరమ్మ దగ్గర తేదీ తీసుకున్నాడు. ఆ రోజు వెళ్లి సంతకం పెడితే కోత ఖాయం. కానీ పరీక్ష పెట్టకుండా నేరం మోపే మనిషి కాదు. గడువులోపల ఇరవై రోజుల పరీక్ష ఒకటి తయారుచేశాడు. బిస్కెట్ల డబ్బాలో పది చీటీలు "ఆన్" అని, పది "ఆఫ్" అని రాసి వేశాడు. రోజూ పొద్దున భార్య ఒక చీటీ తీసి, మిషనుతోపాటు ఇచ్చిన రిమోట్‌తో దాన్ని ఆ ప్రకారం పెట్టి, చీటీని కవర్లో వేసి అంటించాలి. ఏది వచ్చిందో ఆయనకు చెప్పకూడదు. రాత్రి పడుకునే ముందు ఆయన తన పుస్తకంలో మిషను "ఉంది" అనో "లేదు" అనో రాస్తాడు. చివర్న రెండూ పక్కపక్కన పెట్టి చూడటమే. డాక్టరమ్మకు చెబితే ఒప్పుకోదని చెప్పలేదు.

భార్య పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఊరందరి కవర్లూ ఆవిడ చేతుల మీదుగా పోయాయి, ఒక్కటి విప్పి చూసి ఎరగదు. ఈ పనికి ఇంతకన్నా నమ్మకమైన మనిషి దొరకదని ఆయనే అన్నాడు.

రిమోట్ ఒంటికి జానెడు దూరంలో ఉంటేనే పలుకుతుంది. అందుకని రోజూ ఆరున్నరకు రాళ్ల సారు చొక్కా పైకెత్తి, బడిలో తప్పుచేసిన పిల్లాడిలా గోడకేసి నిలబడేవాడు. వెనకాల ఆవిడ.

"నొక్కావా?"

"నొక్కాను."

"చీటీ ప్రకారమేనా?"

"ఆ."

నాలుగో రోజు నొప్పి చంపేసింది. "లేదు" అని కాగితం చిరిగేలా రాశాడు. ఐదు, ఆరు బాగున్నాయి. ఏడో రోజు బజారుదాకా నడిచి వచ్చాడు. తొమ్మిదో రోజు మంచం మీద పక్కకు ఒత్తిగిలటానికి పావుగంట పట్టింది. పన్నెండో రోజు గోడ దగ్గర నిలబడి, ఎదుటి కిటికీ అద్దంలో ఆవిడ చేతులు కనపడతాయేమోనని మెడ తిప్పాడు. ఆవిడ పక్కకు జరిగింది. ఎందుకు జరిగినట్టు? ఆ రోజంతా అదే ఆలోచన. ఆవిడ మాటలు తగ్గించేసింది, అది ఎందుకు? పోస్టాఫీసుకు పది నిమిషాలు ముందే వెళ్లిపోతోంది, అదీ ఎందుకు? ఆవిడ లేనప్పుడు కవర్లు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. జిగురు ఎక్కడా లేవలేదు. అయినా మనసు కుదుటపడలేదు.

ఇరవై ఒకటో రోజు పొద్దున భోజనాల బల్ల మీద కవర్లు విప్పారు. ఆయన పుస్తకంలో పదమూడు "ఉంది"లు, ఏడు "లేదు"లు ఉన్నాయి. చీటీలతో కలిపి చూస్తే సరిపోయినవి తొమ్మిదే, తప్పినవి పదకొండు. నాణెం ఎగరేసినా ఇంతకన్నా మెరుగ్గానే వచ్చేది.

"చూశావా! ఆపినా ఒకటే, నడిపినా ఒకటే. ఒట్టి డబ్బా!" ఆయన మొహం వెలిగిపోయింది. ఆరేళ్లలో అంత సంతోషంగా ఆవిడ ఆయన్ను చూడలేదు. "పద, వెళ్లి సంతకం పెట్టేద్దాం."

ఆవిడ చీటీలన్నీ పోగుచేసి డబ్బాలో వేసింది. మూత పెట్టలేదు.

"ఒక్కరోజు కూడా ఆపలేదండీ," అంది.

"ఏంటి?"

"మొదటి రోజే ఆఫ్ చీటీ వచ్చింది. రిమోట్ పట్టుకుని నిలబడ్డాను, వేలు ఆడలేదు. తలుపు వేసుకుని మీరు ఏడ్చిన ఏడుపు బయట నిలబడి విన్నదాన్ని నేను. నా చేత్తో మళ్లీ ఆ నొప్పి ఎలా పెడతాను? చీటీలు కవర్లో వేశాను, అంతే. ఇరవై రోజులూ అది నడుస్తూనే ఉంది."

రాళ్ల సారు పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత ఆయన గొంతులోంచి వచ్చింది మొగుడి మాట కాదు, ఇన్‌స్పెక్టరు మాట.

"ఇరవై రోజులు అబద్ధమాడావా, ఇవాళ ఆడుతున్నావా?"

ఆవిడ ఆయనకేసి చూసింది.

"తీయించకుండా ఆపాలని ఇప్పుడు ఈ కథ చెప్పట్లేదని గ్యారంటీ ఏంటి? చీటీల ప్రకారమే ఆపి ఉంటావు, మిషను డబ్బా అని తేలేసరికి భయపడ్డావు. అంతేనా?"

ఆవిడ వెళ్లి చీర మార్చుకుని వచ్చింది. ఆస్పత్రికి బస్సులో నలభై నిమిషాలు. ఆయన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు, ఆవిడా కూర్చోకుండా పక్కనే నిలబడింది.

డాక్టరమ్మ గదిలో కంపెనీ మనిషి కూడా ఉన్నాడు. బల్ల మీద సంతకం పెట్టాల్సిన కాగితం సిద్ధంగా ఉంది. తీసేముందు లోపలి వివరాలు ఒకసారి దించుకోవాలని అతను ట్యాబ్లెట్ తీశాడు.

"ఏం వివరాలు?" అన్నాడు రాళ్ల సారు.

"ఏ రోజు ఎన్ని గంటలు నడిచింది, ఎప్పుడు ఆపారు, ఎప్పుడు వేశారు, అన్నీ మిషనే రాసుకుంటుంది సార్."

"ఇంత సంగతి ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

"చెప్పబోయాను సార్. మీరు రెండుసార్లు నన్ను బయటికి పొమ్మన్నారు."

రాళ్ల సారు ట్యాబ్లెట్‌కేసి చూశాడు. ఈ మనిషికి కవర్ల సంగతి తెలియదు. భార్య పొద్దున్నుంచీ తన పక్కనే ఉంది, ఈ ఇద్దరూ కూడబలుక్కునే వీలే లేదు. ఆవిడ చెప్పింది నిజమో కాదో ఆ ట్యాబ్లెట్‌లో ఉంది. పక్క కుర్చీలో ఆవిడ సంచి కాడలు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఎన్నడూ లేనిది ఆయనకు సిగ్గేసింది. కట్టుకున్నదాని మాటకు కూడా పరాయివాడి దగ్గర తూకం వేయించాలా?

"అక్కర్లేదు. మా ఆవిడ చెప్పింది, చాలు," అన్నాడు.

తన మాట తనకే గొప్పగా వినిపించింది. ఆవిడకు మాత్రం వినిపించినట్టు లేదు.

"చూడండి," అంది.

"ఎందుకులేవోయ్..."

"చూడండి. ఇవాళ ఇది చూడకపోతే రేపట్నుంచీ నా మొహం చూస్తూ కూర్చుంటారు."

ఆవిడ మాట పూర్తికాకముందే కళ్లద్దాలు ఆయన ముక్కు మీదికి వచ్చేశాయి. జేబులోంచి ఎప్పుడు తీశాడో ఆయనకే తెలియదు. కంపెనీ మనిషి చూపించిన చోట రోజుకొక గీత ఉంది. ఇరవై గీతలు, ఒక్కటీ తెగలేదు, ఇరవై నాలుగు గంటలకు ఇరవై నాలుగు గంటలూ నడిచింది. వేలు పెట్టి లెక్కపెట్టాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"మిషను నడుస్తూనే ఉందన్నమాట," అన్నాడు నెమ్మదిగా. "నడుస్తున్నా ఏడు రోజులు చచ్చాను."

"మిగతా పదమూడు రోజులు?" అంది డాక్టరమ్మ. సాక్ష్యంగా ఆయన వెంట తెచ్చిన పుస్తకం ఆవిడ చేతిలో ఉంది. "ఇది పెట్టకముందు ఇరవై రోజుల్లో మంచి రోజులు ఎన్ని ఉండేవి మీకు?"

ఆయన ఆలోచించాల్సిన పని లేదు. అప్పటి నొప్పంతా రోజువారీగా తన చేతి రాతతోనే రాసిపెట్టుకున్నాడు.

"ఒక్కటీ లేదు," అన్నాడు.

సంతకం కాగితం డాక్టరమ్మే తీసి సొరుగులో వేసింది. రాళ్ల సారు పక్కకు తిరిగేసరికి భార్య కుర్చీ ఖాళీగా ఉంది.

ఆవిడ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఆయన బెంచీ చేతిని పట్టుకుని, నడుం కూడదీసుకుంటూ పక్కన కూర్చున్నాడు. ఎదుట మందుల కౌంటరు దగ్గర జనం వరసలో నిలబడ్డారు.

"నమ్మకం కుదిరిందా?" అంది.

"కుదిరింది."

"మిషను మీదా, నా మీదా?"

"రెండింటి మీదానోయ్."

"మిషను మీద అనండి, చాలు," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, అదే ఆయన్ను భయపెట్టింది. "నా మీదయితే అద్దాలు జేబులోనే ఉండేవి."

రాళ్ల సారు రిమోట్ తీసి ఆవిడ ముందుకు చాచాడు. "ఇది ఇకనుంచీ నీ దగ్గరే ఉంచు. ఎందుకూ, ఏమిటీ అని అడగను."

ఆవిడ దానికేసి చూసింది కానీ అందుకోలేదు.

"మీరే ఉంచుకోండి. నన్ను మళ్లీ పరీక్ష చేయాలంటే కావాలి కదా," అని లేచి, ఆయన లేవటానికి చెయ్యి అందించింది.