చెయ్యి చెయ్యి పట్టుకున్న మా బాబాయ్ టీమ్

మా చిన్నప్పుడు... మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో మా ఇంటి వెనక బట్టలారేసే స్టాండు చుట్టూ మా బుజ్జి బాబాయ్ హెల్మెట్ పెట్టుకుని పరుగులు పెడుతుంటే, వంటింటి కిటికీలోంచి అమ్మ "నా దుప్పట్లు! ఒరే నా దుప్పట్లు!" అని కేకలేస్తుండేది...

పేరుకే బుజ్జి. గుమ్మంలో నిలబడ్డాడంటే ఇంట్లోకి వెలుతురు రాదు. నాన్నకి తమ్ముడు. తెనాలి దగ్గర మా ఊళ్ళో చెడుగుడు ఆడటంలో అతన్ని మించినవాడు లేడట. మాస్టర్స్ చెయ్యడానికి మెల్‌బోర్న్ వచ్చి మా ఇంట్లోనే ఉండేవాడు. వచ్చిన కొత్తల్లో ఎంత బెంగ పెట్టుకున్నాడో... యూనివర్సిటీ నుంచి రావడం, పెట్టింది తినడం, గదిలోకెళ్ళి తలుపేసుకోవడం. నేనెన్ని కోతివేషాలేసినా నవ్వేవాడు కాదు.

అలాంటి మనిషి ఒకరోజు భుజాల మీద ఇంతింత ప్యాడ్లేసుకుని ఊడిపడ్డాడు! యూనిలో అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఉందట, చేరిపోయాడట. మా వీధిలో క్రికెట్, ఫుటీ అనే ఇక్కడివాళ్ళ ఫుట్‌బాల్ తప్ప ఇంకో ఆట ఎవరికి తెలుసని... "ఏం లేదు వదినా, కోడిగుడ్డులాంటి బంతి పట్టుకుని ఒకడు గీత దాటాలని చూస్తాడు. మనం వాణ్ణి పడెయ్యాలి. అచ్చం మన చెడుగుడే, కూత ఒక్కటే లేదు!" అన్నాడు. ఆస్ట్రేలియా వచ్చాక బాబాయ్ అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

అమ్మ వింటేనా! "చదువుకోమని పంపితే ఎముకలు విరగ్గొట్టుకుంటావా? వదిలెయ్యి బుజ్జీ ఆ దిక్కుమాలిన ఆట!"

దిక్కుమాలిన టీమే అది, అబద్ధమెందుకు... ముందు ఏడాది ఒక్క మ్యాచ్ గెలిస్తే ఒట్టు. ఈసారి ఫైనల్ దాకా వెళ్ళకపోతే టీమ్ మూసేస్తామని యూని వాళ్ళు ఖరాఖండిగా చెప్పేశారు.

మొదటి మ్యాచ్‌కి అందరం వెళ్ళాం. అవతలివాళ్ళు బంతి పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. మా బాబాయ్ ఏం చేశాడనుకున్నారు? చెడుగుడు అలవాటు... కూతకొచ్చేవాణ్ణి చుట్టెయ్యడానికి పక్కవాడి చెయ్యి పట్టుకుంటారు చూడండి, అలా పక్కనున్న డీన్ చెయ్యి గబుక్కున పట్టేసుకున్నాడు! డీన్ అంటే ఎర్రజుట్టు, ఎద్దులాంటి మనిషి. నిప్పు తొక్కినట్టు చెయ్యి లాక్కున్నాడు. గ్రౌండంతా గొల్లుమంది. అవతలి టీమ్ వాళ్ళయితే గాల్లో ముద్దులు పంపారు. ఓడిపోయాం కూడా... నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి బాబాయ్ అన్నం ముట్టలేదు. "పోన్లే, మానెయ్యి నాయనా" అంది అమ్మ మెత్తగా. "అలా అనకు వదినా... ఈ దేశంలో నన్ను పేరు పెట్టి పిలిచేది మీరూ, ఆ టీమూ. అదీ పోతే నాకెవరున్నారు?" అన్నాడు. అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కంచంలో గడ్డపెరుగు ఇంకో గరిటె వేసింది.

మరుసటి వారం బార్బెక్యూ, ఇక్కడివాళ్ళ మాటలో బార్బీ, అని డీన్‌నీ, ఇంకొందరినీ ఇంటికి పిలిచాడు బాబాయ్. సాసేజీలు తిరగేస్తూ డీన్ అడిగాడు, ఆ రోజు చెయ్యెందుకు పట్టుకున్నావని. చెప్తే అర్థమవుతుందా... ఆడించి చూపించాడు! నాన్న కూతకెళ్ళాడు, బొజ్జ ఊపుకుంటూ. చేతులు పట్టుకుని నిలబడ్డ బాబాయ్, డీన్, మిగతావాళ్ళూ రెండువైపుల్నించీ కమ్మేశారు. బాబాయ్ చీలమండ దొరకబుచ్చుకున్నాడు. నాన్న పచ్చిక మీద బోర్లా! అమ్మ దుప్పటి కూడా ఆయనతోపాటే...

"పక్కవాడు ఎక్కడున్నాడో చూడక్కర్లేదు, చేతికి తెలుస్తుంది" అన్నాడు బాబాయ్. అది డీన్‌కి తెగ నచ్చేసింది. అప్పట్నించీ టీమంతా అదే. చెయ్యి చెయ్యి పట్టుకుని గీత దగ్గరికి నడిచేవాళ్ళు, బంతి కదలగానే వదిలేసేవాళ్ళు. మొదట్లో జనం నవ్వారు. నవ్విన నాపచేనే పండింది... ఒకటి గెలిచారు, ఇంకోటి గెలిచారు, గెలుస్తూనే పోయారు!

సెమీఫైనల్ మాత్రం చచ్చేంత భయపెట్టింది. మేమే కాస్త ముందున్నాం, వాళ్ళకి మిగిలింది ఒక్క ఆఖరి ప్రయత్నం. అవతలివాళ్ళకి గీత నాలుగడుగుల దూరంలో ఉంది. దాటారా, టీమ్ మూత. మావాళ్ళు చేతులు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. బంతి కదిలింది. ఒక బలిష్ఠుడు డీన్‌ని తోసేసి దూసుకొచ్చాడు. బాబాయ్ నేలమీదికి దూకాడు... ఒక్క చీలమండ దొరికింది. వాడు బాబాయ్‌ని ఈడ్చుకుంటూ పోతున్నాడు!

నలుగురిలో గట్టిగా నవ్వడానికే మొహమాటపడే మా అమ్మ, చున్నీ నడుముకి బిగించి, గ్రౌండ్ అంచున కట్టిన తాడు దగ్గరికి ఉరికి, "వదలకు బుజ్జీ! కాలు వదలకు!" అని ఒకటే అరుపు. బాబాయ్ వదల్లేదు. వెనకనించి డీన్ వచ్చి మీద పడ్డాడు, తర్వాత టీమంతా. విజిల్. గుట్ట విప్పి చూస్తే... బంతి గీతకి ఇవతలే ఉంది!

అబ్బ, ఆ కేకలు! మట్టికొట్టుకున్న డీన్ "ఆంటీ!" అంటూ వచ్చి అమ్మని ఎత్తేశాడు. బాబాయ్ నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు కూడా. ఫైనల్ కూడా గెలిచారు లెండి, కప్పూ వచ్చింది. కానీ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకునేది సెమీఫైనలే.

ఇప్పుడు బాబాయ్ సిడ్నీలో, స్కోఫీల్డ్స్‌లో ఉంటున్నాడు. మెట్లెక్కాలంటే మోకాళ్ళు పట్టుకుంటాడు. మా పిల్లలు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఫోన్లో వాళ్ళు ఆడుకుంటారు...

పోయిన నెల బాబాయ్ వస్తే అందరం యూని టీమ్ మ్యాచ్ చూడ్డానికి ఆ పాత గ్రౌండ్‌కి వెళ్ళాం. అందరూ కొత్త కుర్రాళ్ళు, బాబాయ్ ఎవరో ఒక్కడికీ తెలీదు. గీత దగ్గరికి వెళ్తూ... చెయ్యి చెయ్యి పట్టుకున్నారు! ఆట అయ్యాక మా అబ్బాయి వెళ్ళి ఎందుకలా అని అడిగితే, "డన్నో మేట్, వీ'వ్ ఆల్వేస్ డన్ ఇట్" అన్నాడట ఒకడు... ఏమో, ఎప్పట్నించో ఇలాగేనట!

బాబాయ్ పక్కనున్న అమ్మ చెయ్యి పట్టుకున్నాడంతే...

మీ ఇంట్లోనూ ఇలాంటి బాబాయో, మామయ్యో ఉండే ఉంటాడు. చెప్పండి, వినాలనుంది.