అప్పలమ్మ డేగిసా

రాజాం దగ్గర బడిలో సైన్సు చెబుతాను. అంతరిక్షం నుంచి తిరిగొచ్చే నౌక గాలిలోకి దూసుకొస్తూ ఎందుకు కాలిపోదో ఈ రోజు మూడోసారి చెప్పాను. పైపూత తాను కాలుతూ వేడిని పట్టుకుపోతుందన్నా ఒక్కరికీ ఎక్కలేదు. విసుగొచ్చి పిల్లల్ని వంటపాకకు తీసుకెళ్లాను. వంటమనిషి అప్పలమ్మ పొయ్యి మీదకెక్కించే ముందు అడుగున బురద పూసిన అన్నం డేగిసా చూపించాను. మాడేది మట్టి, గిన్నె క్షేమం. అందరికీ అర్థమైంది.

అప్పలమ్మ మాత్రం, "మరి దిగినాక ఆ మసి ఎవులు తోముతారు మాస్టారూ?" అంది.

"ఎవరూ తోమరు. జనం చూడ్డానికి అలాగే ప్రదర్శనలో పెడతారు."

"అయితే దీన్నీ అక్కడే పెట్టీండి. సేతులు లాగేస్తన్నాయి."

ఎనిమిదేళ్లుగా ఆ అన్నమే తింటున్నాను. ఆ డేగిసా తోమడం ఒక్కసారీ చూడలేదు. మీరు చూశారా?