జాడించని పొత్తిగుడ్డలు

నా చిన్నప్పుడు, పుంగనూరులో మా అవ్వ దగ్గర ఉండి చదువుకునే రోజుల్లో, మా పిన్ని తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మదనపల్లెలో ఆసుపత్రిలో ఆడబిడ్డ పుట్టింది. ఇంటికి తెచ్చిన రోజు నుంచీ ఆ బిడ్డ పొత్తిగుడ్డలు ఉతికే పని నాకు అప్పగించారు. నాకప్పుడు పదకొండేళ్లు. పెద్దవాళ్ల పని నాకిచ్చారని మొదటి రెండు రోజులు గర్వంగానే ఉండేది.

అవ్వ పాత నూలు చీరలు చింపి, అంచులు మడిచి కుట్టి, ముందుగానే ఒక ట్రంకుపెట్టె నిండా గుడ్డలు చేసి పెట్టింది. ఉతకడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. మొదట ఉత్త నీళ్లలో మురికి వదిలించాలి. తర్వాత సబ్బు పెట్టి బండ మీద రుద్దాలి. ఆపైన మూడు నీళ్లలో జాడించాలి, ప్రతిసారీ పాత నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పట్టాలి. ఎండలో ఆరేసి, దీపాలు పెట్టే వేళకు ముందే లోపలికి తేవాలి. పొద్దుగూకాక పసిబిడ్డ గుడ్డ దండెం మీద కనబడితే అవ్వకు ప్రాణం పోయినంత పని.

అది కార్తీక మాసం. రోజూ ముసురు. కొళాయి నీళ్లు మూడు రోజులకొకసారి వచ్చేవి. మిగతా రోజుల్లో వీధి చివర బోరింగు నుంచి బిందెతో మోసుకు రావాలి. మూడు నీళ్లు తీయాలంటే ఆరు బిందెలు. బడి నుంచి వచ్చేసరికి నా ఈడు పిల్లలు తొక్కుడుబిళ్ల గీతలు గీసుకుని పిలుస్తూ ఉండేవాళ్లు. నాలుగో రోజు నుంచి నేను రెండు బిందెలతో, ఒక్క నీళ్లలో ముంచి పిండేయడం మొదలుపెట్టాను. దానికి బదులు సబ్బు ఎక్కువ పెట్టేదాన్ని. గుడ్డలు మల్లెపూలలా తెల్లగా వచ్చేవి. ముసురుకి సగమే ఆరేవి. పొద్దుగూకే వేళకు ఆ తడివాటిని తెచ్చి, ఆరినవాటి మధ్యలో పెట్టి మడిచేసేదాన్ని.

"మూడు నీళ్లు తీసినావామ్మీ?" అని అవ్వ వంటింట్లోంచి అడిగేది.

"తీసినా అవ్వా."

"రేప్పొద్దున అత్తగారింట్లో నన్ను అనిపించొద్దు, మీయవ్వ నేర్పలేదా అని."

పన్నెండో రోజు అవ్వ గుడికి పోయినప్పుడు పిన్ని నన్ను మంచం దగ్గరికి పిలిచింది. బాలింతకు పథ్యం కాబట్టి ఆమెకు పెట్టేది అన్నమూ వెల్లుల్లి కారమే. పొద్దున రోట్లో నూరిన టమాటా ఊరిబిండి వాసన ఆమె దాకా పోయినట్టుంది. "రవ్వంత తేమ్మీ. నాలిక మీద పెట్టుకుంటా, అంతే," అంది. తెచ్చి ఇచ్చాను. వేలితో తీసుకుని, కళ్లు మూసుకుని తింది. ఇద్దరం నవ్వుకున్నాం.

రెండు రోజులకు బిడ్డకు నడుము చుట్టూ ఎర్రగా కంది, సన్నటి పొక్కులు లేచాయి. గుక్కపట్టి ఏడ్చేది. అవ్వ పిన్ని వైపు తిరిగి ఒకే మాట అడిగింది. "ఏం తింటివే?"

పిన్ని దాచలేదు. టమాటా తిన్నానని ఒప్పేసుకుంది. ఎవరు తెచ్చిచ్చారో మాత్రం చెప్పలేదు. "నేనే పోయి తీసుకుంటిని," అంది. నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను.

"టమాటా నంజు, బాలింతకు పనికిరాదని తల బాదుకుంటానే ఉండా. నోరు కట్టుకోలేనిదానివి బిడ్డనెట్లా సాకుతావే?" అంది అవ్వ. ఆ పూట నుంచి పథ్యం బిగిసింది. వెల్లుల్లి కారం కూడా తీసేసి, మిరియాల పొడి కలిపిన అన్నం పగటిపూట ఒక్కసారి పెట్టేది. నీళ్లు కూడా గ్లాసుతో కొలిచి ఇచ్చేది. 

మా పక్కింటి అక్క మదనపల్లె ఆసుపత్రిలో నర్సు. రోజూ బస్సులో పోయి వచ్చేది. బిడ్డ ఏడుపు విని ఆమె వచ్చి చూసింది. "దీనికీ టమాటాకీ సంబంధం లేదవ్వా," అంది.

"నువ్వు సదివినదానివి తల్లీ. నేను ఏడుగురిని కన్నదాన్ని," అని అవ్వ ఆ మాట అక్కడే తుంచేసింది.

అక్క బిడ్డను మళ్లీ ఒకసారి తిప్పి చూసింది. ఎరుపు గుడ్డ చుట్టినంత మేరే ఉంది. ట్రంకుపెట్టె మీద నేను మడిచి పెట్టిన దొంతరలోంచి ఒక గుడ్డ తీసుకుని, నన్ను పెరట్లోకి రమ్మంది. ఒక గిన్నెలో తేట నీళ్లు పోయించి, ఆ గుడ్డను ముంచి రెండుసార్లు పిసికింది. నీళ్లు పాలలా అయ్యాయి. పైన నురుగు తేలింది.

"సూడు. ఎంత తెల్లగా ఉతికినావో. ఆ తెలుపంతా సబ్బే," అంది మెల్లగా.  గుడ్డ ముక్కు దగ్గర పెట్టి వాసన చూడమంది. ముక్కిపోయిన వాసన వచ్చింది. తడి ఆరకుండా మడిస్తే ఇట్లాగే అవుతుందని, ఎండ లేని రోజు పొయ్యి దగ్గర దండెం కట్టి ఆరబెట్టమని చెప్పింది. ఆ సాయంత్రం ఆమే నాతో బోరింగుకు వచ్చి మూడు బిందెలు మోసింది. తిరిగి వచ్చేటప్పుడు, "మీయవ్వకు నేను చెప్పను. నువ్వే చెప్పు. మీ పిన్ని ఉత్త పుణ్యానికి పస్తుంటాండాది," అంది.

చెబుతాననే అన్నాను.

ఆ రోజు నుంచి మూడు నీళ్లు తప్పలేదు. గుడ్డలన్నీ మళ్లీ ఉతికాను. పొయ్యి సెగకు ఒక్కొక్కటీ తిప్పి ఆరబెట్టాను. నాలుగు రోజుల్లో బిడ్డ ఒళ్లు చల్లబడింది, ఎరుపు పోయింది. తప్పు సరిదిద్దేశాను కదా, ఇంక చెప్పేదేముందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ జరిగింది వేరు. బిడ్డకు మానిందని చూసి అవ్వ, "సూస్తివా, పథ్యం మహిమ," అంది. పథ్యం ఆపితే పొక్కులు మళ్లీ వస్తాయని దాన్ని నెల దాకా పొడిగించింది. నేను ఎంత బాగా ఉతికితే పిన్ని మీద నేరం అంత గట్టిగా రుజువైంది. అది నాకు అర్థమయ్యే వయసే. అయినా నోరు మెదపలేదు.

అక్కకు ఆ వారం నైట్ డ్యూటీ. పగలంతా పడుకునేది. ఒకసారి గోడ మీంచి, "చెప్పినావా?" అని అడిగితే, "చెప్పినా," అన్నాను. ఆ ఒక్క మాట నన్ను ఇప్పటికీ తలెత్తనివ్వదు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి పిన్ని ముందు కంచంలో మిరియాల పొడి అన్నం ఉంది. బిడ్డ ఉయ్యాలలో ఉంది. పక్కన పాలడబ్బా, సీసా ఉన్నాయి. పిన్నికి పాలు తగ్గిపోయి డబ్బా పాలు మొదలుపెట్టారు. అక్క ఆ కంచాన్నీ సీసానీ చూసి నా వైపు తిరిగింది. కోపంగా లేదు. "బిడ్డకు మాని ఆరు దినాలాయ. మీ పిన్నికి ఎందుకింకా మానలా?" అని మాత్రం అడిగింది.

అవ్వ కూడా వింటూ ఉంది. అప్పుడు చెప్పాను. రెండు బిందెలు, తొక్కుడుబిళ్ల, తడి మడతలు, ఊరిబిండి ఎవరు తెచ్చిచ్చారో, అన్నీ. అవ్వ కొడుతుందనుకున్నాను. ఆమె కొట్టలేదు. లేచి వంటింట్లోకి పోయి, పప్పూ నెయ్యీ తెచ్చి పిన్ని కంచంలో వడ్డించింది. కూతురి ముఖం వైపు మాత్రం చూడలేకపోయింది.

పిన్ని కంచం ముట్టుకోలేదు. ఉయ్యాల దగ్గరికి పోయి బిడ్డను తీసి రొమ్ముకు హత్తుకుంది. "నా పాలే విషమాయనేమో అనుకుంటి కదమ్మీ," అంది నాతో. "దీన్ని ఎత్తుకోవాలంటేనే బయమేస్తా ఉండె. సీసాతో మీయవ్వనే తాపమంటి." తిట్టినా బాగుండేది. ఆమె నన్ను తిట్టలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. ఆమె పాలు మాత్రం మునుపటిలా పడలేదు. ఆ పిల్ల చాలావరకు డబ్బా పాలతోనే పెరిగింది.

ఇప్పుడు నా ఒళ్లో ఆరు నెలల బిడ్డ ఉంది. ఒంటి మీద చీమ కుట్టినంత ఎరుపు కనబడినా నేను పొద్దున్నుంచి ఏమేం తిన్నానో తలుచుకుంటాను. అత్తగారు అడగకముందే నన్ను నేనే అడుగుతాను. అలాంటప్పుడు పిన్ని మంచం మీద కూర్చుని ఏమేం తలుచుకుని ఉంటుందో తెలుస్తుంది. గుడ్డలు ఉతకడం ఆ ముసురులోనే నేర్చుకున్నాను, దాన్ని మళ్లీ ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ ఒక తల్లి తన బిడ్డను ఎత్తుకోవడానికి భయపడిన ఆ పది రోజులూ నేను చూస్తూ ఊరుకున్నాను. అప్పట్లో అవి నాకు బడికి పోయి వచ్చిన పది రోజులు, అంతే. నా బిడ్డ ఒక్క పూట పాలు తాగకపోతేనే నేను ఆ పూటంతా ఉయ్యాల పక్కనుంచి లేవను. పది రోజులంటే ఎంతో నాకిప్పుడు తెలుసు.